శవం దొరకలేదు సరే... బిడ్డ ఏడీ?

పోయినేడు కార్తీక మాసంలో మాట. పొద్దున్నే తులసికోట దగ్గర దీపం పెట్టి లేచేసరికి మా వీధి చివరింటి ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడూ నవ్వుతూ పలకరించే మనిషి. ఆ రోజు కళ్లు వాచిపోయి ఉన్నాయి. "అక్కా, లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఎవరూ లేరన్నాక లోపలికొచ్చి, కుర్చీలో కూడా కూర్చోకుండా, గోడకి చేరబడి నేలమీద కూర్చుంది. వాళ్ల అబ్బాయి ఇంట్లోంచి వెళ్లి తొమ్మిది రోజులైందట.

"తొమ్మిది రోజులా! పోలీసులకి చెప్పారా?" అన్నాను.

తల అడ్డంగా ఊపింది. "ఎలా చెప్తామక్కా? వాడు ఆ పొగ తాగుతున్నాడు. ఈ సంగతి బయటికొస్తే పిల్ల సంబంధం చెడిపోద్దని ఈయన గోల."

గంజాయి అన్న మాట ఆవిడ నోట రాలేదు. 'ఆ పొగ' అంది, అంతే.

మొత్తానికి ఆవిడా, మా ఆయనా, నేనూ కలిసి స్టేషనుకి వెళ్లాం. ఏ స్టేషనన్నది ఇక్కడ అనవసరం. బల్ల దగ్గరున్నాయన వయసు అడిగాడు. ఇరవై రెండు అన్నాం. "చిన్నపిల్లోడేం కాదు కదండీ. ఫ్రెండ్సుతో ఎక్కడికో పోయుంటాడు. డబ్బులైపోతే ఆడే వత్తాడు" అన్నాడు. దాచి లాభం లేదని గంజాయి సంగతి కూడా చెప్పాం. "ఓహో, ఆ బ్యాచ్చా!" అని పెన్ను మూత పెట్టేశాడు. ఆ తల్లి అలాగే నిలబడిపోయింది. మేం కదలకుండా కూర్చుంటే, గంట తరవాత ఫిర్యాదు తీసుకున్నారు.

అదృష్టం బాగుంది. పదమూడో రోజు తెల్లవారుజామున అబ్బాయి వచ్చాడు. గంజాయి అమ్మేవాళ్లకి బాకీ పడ్డాడట. కట్టకపోతే "గోదాట్లో కలిపేస్తాం, నీ శవం కూడా దొరకదు" అన్నారట. ఆ భయంతో విశాఖపట్నం పారిపోయి, తెలిసినవాళ్ల గదిలో దాక్కున్నాడు.

వాడు తిరిగొచ్చాడు కాబట్టి ఈ నాలుగు ముక్కలూ రాయగలుగుతున్నాను. రాకపోతే? ఆ బెదిరింపు మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. నీ శవం కూడా దొరకదు... అంటే వాళ్ల లెక్కేమిటి? శవం దొరక్కపోతే కేసుండదు, కేసు లేకపోతే శిక్ష ఉండదు అనే కదా! గంజాయి అమ్మేవాడిదే కాదు, మనలో చాలామంది నమ్మకం కూడా అదే. బల్ల దగ్గరున్న ఆయన ధీమా కూడా బహుశా అదే.

కోనసీమలో ఉన్నవాళ్లకి ఈ మాట బరువు వేరేగా చెప్పక్కర్లేదు. మనకి ఏ దిక్కు చూసినా నీళ్లే. ఒకవైపు గౌతమి, ఒకవైపు వశిష్ఠ, మధ్యలో వైనతేయ. చించినాడ వంతెన కింద నీరు, బోడసకుర్రు వంతెన కింద నీరు, ఆపైన అంతర్వేది దగ్గరా ఓడలరేవు దగ్గరా సముద్రం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు మనమంతా చూశాం. ప్రభుత్వమంతా దిగి వెతికింది. బోటుని బయటికి తీయడానికి నెల దాటింది. అయినా కొందరి ఆచూకీ చివరికీ దొరకలేదు. అంతమంది చూస్తుండగా జరిగిన ప్రమాదంలోనే అలా అయితే, అర్ధరాత్రి ఎవరూ చూడకుండా జరిగిన పని సంగతేమిటి?

గంజాయి మనకి దూరమనుకునే రోజులు కూడా పోయాయి. పాడేరు, చింతపల్లి వైపు కొండల్లో పండిన సరుకు చెన్నై పోయే పెద్ద రోడ్డు మన రావులపాలెం మీదుగానే పోతుంది. 'ఆపరేషన్ పరివర్తన్' పేరుతో వేల ఎకరాల్లో మొక్కలు నరికి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర ఇంచుమించు 2 లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. 2024 నవంబరులో 'ఈగల్' అని ప్రత్యేక దళం పెట్టారు. మంచిదే. కానీ సరుకు ఉన్నచోట బాకీలుంటాయి, బాకీలున్నచోట బెదిరింపులుంటాయి. పట్టుబడ్డ బస్తాల లెక్క పేపర్లో వస్తుంది. ఇంటికి రాని పిల్లల లెక్క మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కో తల్లి దగ్గరే ఉండిపోతుంది.

చట్టం ఏమంటుందంటే...

ఆ అబ్బాయి తిరిగొచ్చాక నాకు తెలిసిన ఒక లాయరుగారిని అడిగాను. "శవం లేకపోతే హత్య కేసు నిలవదా అండీ?" అని. ఆయన నవ్వి, "సినిమాల్లో నిలవదమ్మా, కోర్టులో నిలుస్తుంది" అన్నారు.

ఆయన చెప్పిన కేసు మన విషయానికి ఎంత దగ్గరో చూడండి. తమిళనాడులో ఒక ముఠా ఉండేది. కాస్త కలిగిన ఇళ్ల కుర్రాళ్లకి గంజాయి వ్యాపారం ఆశపెట్టి, ఇంట్లోంచి డబ్బూ నగలూ తెమ్మనేవారు. తెచ్చాక చంపేసేవారు. అయిదేళ్లలో నలుగురిని అలా పొట్టన పెట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సేవక పెరుమాళ్ కేసంటారు, 1991లో తీర్పొచ్చింది. ఉరిశిక్షలు ఖాయం చేస్తూ కోర్టు ఒక మాట తేల్చి చెప్పింది. హత్య జరిగిందని నిరూపించడానికి శవం దొరికి తీరాలన్న నియమం లేదు. పారే నీళ్లలో పడేసినా, కాల్చేసినా శవం ఎక్కడ దొరుకుతుంది? దొరికితేనే శిక్ష అంటే చాలామంది హంతకులు తప్పించుకుపోతారు. చావు జరిగిందన్న సంగతిని మిగతా సంగతుల్లాగే సాక్ష్యాలతో నిరూపించవచ్చు అంది.

పారే నీళ్లు అన్న మాట చదువుతుంటే మన గోదావరి గురించే రాశారేమో అనిపించింది నాకు.

మరి శవం లేకుండా దేన్ని చూపిస్తారు? ఆఖరిసారి ఎవరితో కనపడ్డాడు అన్నది మొదటిది. ఫోను ఏ టవరు దగ్గర ఆగిపోయింది, ఆఖరి కాల్ ఎవరిది, అదే సమయానికి అనుమానితుల ఫోన్లు ఎక్కడున్నాయి అన్నది రెండోది. ఫోన్‌పేలో ఆఖరి చెల్లింపు, బండి ఎక్కడుంది, ఎవరి బట్టల మీదైనా, కారు డిక్కీలోనైనా రక్తం మరకలున్నాయా... ఇలా ఒక్కొక్కటీ గొలుసు లింకుల్లా కలవాలి. ఆ రోజు దాకా తల్లికి ఫోన్ చెయ్యకుండా ఉండలేని పిల్లాడు తరవాత పండక్కీ, చెల్లెలి పెళ్లికీ కూడా ఒక్క మాట మాట్లాడలేదంటే అదీ లెక్కలోకొస్తుంది. అన్ని లింకులూ నిందితుడి వైపే చూపించాలి. మధ్యలో ఒక్కటి తెగినా అనుమానం కింద వదిలేస్తారు.

చాలామంది "రెండు తగిలిస్తే వాడే ఒప్పుకుంటాడు" అంటారు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. అతను చెప్పిన చోట వెతికితే కత్తో, ఫోనో, చెప్పులో దొరికితే, ఆ దొరికినంత మేరకే ఆ మాట పనికొస్తుంది. నార్కో పరీక్ష కూడా మనిషి ఇష్టం లేకుండా చెయ్యకూడదని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కొట్టి రాబట్టే దారి కాదు ఇది. ఓపిగ్గా ఏరుకునే దారి. ఏరుకోవాలంటే మొదటి నాలుగు రోజుల్లోనే మొదలుపెట్టాలి.

ఆ తొమ్మిది రోజుల్లో ఏం పోతాయి?

మా వీధి ఆవిడ పరువు కోసం ఆగిన తొమ్మిది రోజుల్ని తరవాత నేను లెక్కేసి చూశాను. కిరాణా కొట్టు కెమెరాలో, లాడ్జి కెమెరాలో బొమ్మలు చాలాచోట్ల వారం పది రోజులకి, మహా అయితే నెలకి చెరిగిపోయి కొత్తవి ఎక్కుతాయి. టీకొట్టు వాడికి ఈ రోజు చూసిన ముఖం పదో రోజుకి గుర్తుండదు. వాన పడితే రక్తం మరక పోతుంది. కారు కడిగేస్తారు, బట్టలు కాల్చేస్తారు. ఫోన్ కాల్స్ వివరాలు కంపెనీల దగ్గర రెండేళ్లుంటాయి కాబట్టి అవొక్కటే మిగులుతాయి. నీళ్లలో పడ్డ శవం రెండు మూడు రోజుల్లో తేలుతుంది. అప్పటికి ఫిర్యాదే లేకపోతే అది ఎవరిదని తెలుస్తుంది?

ఇక్కడ మనకి ఇంకో చిక్కుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతల నరసాపురం. గోదావరి మధ్యలో జిల్లా మారిపోతుంది. ఇటు పడిన మనిషి అటు ఒడ్డున తేలితే, అటువాళ్లు 'గుర్తు తెలియని శవం' అని పంచనామా చేసి, కొన్నాళ్లు చూసి పూడ్చేస్తారు. ఇటు ఫైల్లో 'మనిషి కనపడుట లేదు', అటు ఫైల్లో 'గుర్తు తెలియని శవం'. ఆ రెండు ఫైళ్లూ ఒకదాన్నొకటి చూసుకోకపోతే ఏడాదికేడాది అలాగే ఉండిపోతాయి. మనం శవం దొరకలేదనుకుంటాం. అది దొరికే ఉంటుంది. పేరు దొరకలేదు, అంతే.

ఆ పేరు దొరకడానికి ఇవాళ దారుంది. డీఎన్‌ఏ పరీక్ష. మన హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ లాంటి సంస్థలు ఎప్పటినుంచో చేస్తున్నాయి. నన్ను కదిలించిన సంగతి ఒకటుంది. ఎముకలు పాతబడితే మామూలు డీఎన్‌ఏ పాడైపోవచ్చట. అప్పుడు కూడా మైటోకాండ్రియా డీఎన్‌ఏ అని ఇంకోటి మిగిలే అవకాశం ఉంటుంది. అది బిడ్డకి తండ్రి నుంచి రాదు, తల్లి నుంచే వస్తుంది. అంటే ఆ ఎముక ఎవరిదో చెప్పగలిగేది ఆఖరికి అమ్మ రక్తమే.

పూడ్చే ముందు ప్రతి గుర్తు తెలియని శవం నుంచి ఒక నమూనా తీసి దాచడం, కనపడకుండా పోయినవాళ్ల తల్లిదండ్రుల రక్తంతో సరిచూడడం... ఇంత చిన్న ఏర్పాటు మనకి దేశం మొత్తానికి ఒక్కచోట లేదు. కనపడనివాళ్లకీ, గుర్తు తెలియని శవాలకీ వేరువేరు జాబితాలు పెట్టాలన్న డీఎన్‌ఏ బిల్లు పార్లమెంటులో ఏళ్ల తరబడి నానింది. మనుషుల వివరాలు దుర్వినియోగం అవుతాయన్న భయాలు వచ్చాయి. చివరికి 2023 జులైలో ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఆ భయాల్లో న్యాయం లేకపోలేదు. కానీ నేరస్తుల జాబితా గురించి గొడవ పడండి, తేల్చుకోండి. బిడ్డ కోసం తనంతట తాను చెయ్యి చాపి రక్తమిస్తానన్న తల్లికి అడ్డెందుకు?

వెతికితే దొరుకుతుందనడానికి ఇంకో రాష్ట్రమే సాక్ష్యం. కేరళలో కోజికోడ్ దగ్గర ఒక యువకుడు 2019 మార్చిలో కనపడకుండా పోయాడు. ఆరేళ్లు ఆ ఫైలు అలాగే ఉంది. పాత మిస్సింగు కేసుల్ని మళ్లీ తిరగేద్దామని అక్కడి పోలీసులు కూర్చున్నప్పుడు, ఆఖరిసారి కూడా ఉన్న స్నేహితుల్ని మళ్లీ పిలిచారు. పోలీసుల కథనం ప్రకారం, మత్తుమందు ఎక్కువై ఆ అబ్బాయి చనిపోతే, స్నేహితులు భయపడి చెప్పకుండా చిత్తడి నేలలో పాతిపెట్టేశారు. 2025 సెప్టెంబరులో ఆ చిత్తడి తవ్వి అవశేషాలు బయటికి తీశారు. ఇది హత్యా, ప్రమాదమా, చావనిచ్చి దాచడమా అన్నది కోర్టు చూసుకుంటుంది. నేను చెప్పేది ఒక్కటే. ఆరేళ్ల పాటు ఆ ఇంట్లోవాళ్లు తలుపు చప్పుడైతే లేచి చూసి ఉంటారు. ఫైలు తెరిస్తే జవాబు దొరికింది. తెరవకపోతే ఇంకో ఆరేళ్లు అలాగే చూసేవారు.

తొందరపాటు కూడా ప్రమాదమే

శవం లేని కేసులో కోర్టులు అంత నిక్కచ్చిగా ఉండడానికి కారణం ఉంది. అది కూడా మనం ఒప్పుకోవాలి. ఇంగ్లండులో క్యాంప్‌డెన్ అనే ఊళ్లో 1660లో విలియం హారిసన్ అనే పెద్దాయన మాయమయ్యాడు. రక్తం మరకలున్న గుడ్డ ఒకటి దొరికింది. ఆయన దగ్గర పనిచేసేవాడు తన తల్లీ తమ్ముడూ చంపేశారని చెప్పాడు. శవం దొరక్కపోయినా ముగ్గురినీ, ఆ తల్లితో సహా, ఉరి తీశారు. 1662లో హారిసన్ నిక్షేపంలా ఇంటికొచ్చాడు!

అదెప్పటి కాలమో అనుకోకండి. మన పక్కనే, కర్ణాటకలోని కొడగు జిల్లాలో, భార్య కనపడటం లేదని ఫిర్యాదు చేసిన కూలీ మీదే హత్య కేసు పెట్టారు. ఎక్కడో దొరికిన అస్థిపంజరం ఆమెదే అన్నారు. ఏడాదికి పైగా జైల్లో ఉన్నాడు. 2025 ఏప్రిల్లో ఆమె బతికే కనపడింది. ఆ ఎముకలు ఆమెవి కావని డీఎన్‌ఏ పరీక్ష అంతకుముందే చెప్పింది కూడా. మరి ఆ అస్థిపంజరం ఎవరిది? ఆ మనిషికీ ఒక తల్లి ఉండి ఉంటుంది కదా!

అందుకే గొంతు చించుకుని "వాణ్ని ఉరి తియ్యండి" అనడం నా ఉద్దేశం కాదు. గంజాయి ముఠాలో ఉన్నంత మాత్రాన ప్రతివాడూ హంతకుడు కాడు. శవం లేని కేసులో తొందరపడితే ఒక నిర్దోషి పోతాడు, ఆలస్యం చేస్తే ఒక దోషి తప్పించుకుంటాడు. రెండింటికీ మందు ఒకటే. మొదటి రోజు నుంచీ సరిగ్గా వెతకడం.

గంజాయి పిల్లాడికీ అమ్మ ఉంటుంది

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ పెన్ను మూత. పుస్తకాల సంచితో వెళ్లిన పిల్ల మాయమైతే ఊరంతా వెతుకుతుంది. వెతకాలి కూడా. గంజాయి తాగే కుర్రాడు మాయమైతే మాత్రం "పీడ విరగడైంది" అనేవాళ్లే ఎక్కువ. బయటివాళ్లే కాదు, ఒక్కోసారి సొంత బాబాయిలూ మావయ్యలూ కూడా. అమ్మేవాళ్లకి కావలసింది అదే. ఎవరూ వెతకరు అనుకున్నవాణ్నే ధైర్యంగా చంపుతారు. ఆ ధైర్యం వాళ్లకి ఇస్తున్నది ఎవరు? కొంత పోలీసులు, కొంత మనం.

ఈ దారి చివరికి ఎక్కడికి పోతుందో చూడాలంటే మెక్సికో వైపు చూడాలి. మత్తుమందుల ముఠాలు రాజ్యమేలే ఆ దేశంలో కనపడకుండా పోయినవాళ్ల లెక్క 2022 మే నాటికే లక్ష దాటింది. పోలీసులు వెతకడం మానేస్తే తల్లులే గుంపులుగా బయల్దేరారు. ఇనప చువ్వలు నేలలో గుచ్చి, పైకి లాగి, చివర వాసన చూస్తారు. కుళ్లిన వాసన వస్తే అక్కడ తవ్వుతారు. 2025 మార్చిలో హలిస్కో రాష్ట్రంలో అలాంటి ఒక బృందం ఒక పాత తోటలోకి వెళితే, కాలిన ఎముక ముక్కలతో పాటు వందల జతల చెప్పులూ బూట్లూ బయటపడ్డాయి. మిరియం రోడ్రిగెస్ అనే తల్లి, 2014లో కూతుర్ని ఎత్తుకుపోయినవాళ్లని జుట్టు కత్తిరించుకుని, వేషం మార్చుకుని ఒక్కొక్కరినే వెతికి పోలీసులకి పట్టించింది. 2017 మే 10న, ఆ దేశంలో మాతృదినోత్సవం నాడు, ఆమెను ఇంటి ముందే కాల్చి చంపారు.

మన దగ్గర పరిస్థితి అంత దూరం రాలేదు. రాకూడదు. మన ఆడవాళ్లు చువ్వలు పట్టుకుని లంకల్లో తిరిగే రోజు రాకూడదంటే, ఇప్పుడు ఒక్కొక్క మిస్సింగు ఫైలు దగ్గరే జాగ్రత్త పడాలి.

వెతకని ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించండి. పోయినవాడికి పెళ్లయి ఉంటే ఆ అమ్మాయి సుమంగళా, కాదా? బొట్టు పెట్టుకుంటే ఒకరంటారు, తీసేస్తే ఒకరంటారు. మరణ ధ్రువపత్రం లేనిదే బ్యాంకు డబ్బు రాదు, బీమా రాదు, వితంతు పింఛను రాదు. ఏడేళ్లు ఏ కబురూ లేకపోతే చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్యాల చట్టం చెబుతుంది. అదీ కోర్టుకి వెళ్లి తేల్చుకోవాలి. ఏడేళ్లంటే ఒకటో తరగతి పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చే కాలం. అన్నాళ్లూ ఆ ఇంట్లో తద్దినం పెట్టడానికీ లేదు, పుట్టినరోజు చెయ్యడానికీ లేదు.

మరి మనం చెయ్యగలిగేదేమిటి?

పిల్లాడు చెప్పకుండా ఒక రాత్రి రాకపోతే మర్నాడే స్టేషనుకి వెళ్లండి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న రూలు చట్టంలో ఎక్కడా లేదు. ఎవరైనా బెదిరించారని తెలిస్తే, బాకీ ఉందని తెలిస్తే, ఆ మాట కాగితం మీద రాసివ్వండి. అప్పుడది ఉత్త మిస్సింగు కాదు, ప్రాణాలు తీసేందుకు ఎత్తుకుపోయారన్న అనుమానం అవుతుంది. అంత పెద్ద నేరం జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే, లలితకుమారి కేసులో, చెప్పింది. తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నారు. పద్ధెనిమిదేళ్లు నిండని పిల్లలైతే ఎఫ్ఐఆర్ విషయంలో అసలు వాదనే అక్కర్లేదు.

ఇల్లు సర్దుకోవడం మనకి అలవాటు. బాధొచ్చినా సర్దుతాం. కానీ అతని గది సర్దకండి. దువ్వెన, పళ్ల బ్రష్షు, విడిచిన బట్టలు కడక్కండి, ఉతక్కండి. ఫోను కొన్న అట్టపెట్టె మీద ఆ ఫోను నంబరు ఉంటుంది, పారెయ్యకండి. స్నేహితుల పేర్లు, వాళ్ల బండ్ల నంబర్లు గుర్తున్నంతవరకూ రాసి పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం, గంజాయి సంగతి దాచకండి. ఆ ఒక్క సంగతి దాస్తే పోలీసులు వెతకవలసిన తలుపు మనమే మూసినట్టు. కొడుకు మీద కేసవుతుందన్న భయం సహజమే. కానీ తాగేవాణ్నీ అమ్మేవాణ్నీ చట్టం ఒకే గాటన కట్టలేదు. వాడకం కేసులో, కొద్దిపాటి సరుకు కేసులో, తనంతట తాను చికిత్సకి ముందుకొచ్చి పూర్తి చేసుకున్నవాడికి ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు 1985 నాటి మత్తుమందుల చట్టంలోనే ఉంది. చికిత్స కోసం 14446కి ఫోన్ చెయ్యొచ్చు. అమ్మేవాళ్ల గురించి చెప్పాలంటే మన రాష్ట్రంలో ఈగల్ వాళ్ల నంబరు 1972.

పోలీసు పెద్దలకీ ఒక మనవి. కోజికోడ్ వాళ్లు చేసిన పని మన కోనసీమలో కూడా చెయ్యండి. అమలాపురం, రాజోలు, కొత్తపేట స్టేషన్లలో పాత మిస్సింగు ఫైళ్లు ఒక్కసారి కిందకి దించండి. అవతలి ఒడ్డున ఉన్న గుర్తు తెలియని శవాల ఫైళ్లతో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తల్లుల రక్తం తీసుకోండి. ఎవరూ కాదనరు.

మా వీధి అబ్బాయి ఇప్పుడు మందులు వాడుతున్నాడు. మధ్యలో ఒకసారి తప్పాడు కూడా. మళ్లీ తీసుకెళ్లారు. పిల్ల సంబంధం అనుకున్నట్టే చెడిపోయింది, ఇంకోటి కుదిరింది. మొన్న ఆవిడ మా ఇంటికొచ్చి కుర్చీలోనే కూర్చుంది. మాటల్లో, "ఆ రోజు స్టేషన్లో ఆయన పెన్ను మూసినప్పుడు నా కొడుకుని పాతిపెట్టేసినట్టే అనిపించిందక్కా" అంది.

వాడు బతికి ఉండగానే ఆ తల్లికి అలా అనిపించింది. నిజంగా పోయినవాడి తల్లికి ఎలా ఉంటుందో మనం ఊహించగలమా? శవం గోదావరిలో కలిసిపోవచ్చు. ఆ పెన్ను మూత మాత్రం పడకూడదు. ఏమంటారు?